తోడు, కొసరు, అరణము

ఒకదాని వెంట వచ్చు మఱియొకదానికి మన తెలుగున పేర్లకు కొదువ లేదు. అన్నములోనికి కావలసిన పప్పు, కూర, పచ్చడి మున్నగునవి ఆదరువులు. చల్దియన్నముతో కొఱుకుకొను ఉల్లిపాయయు మిరపకాయయు నంజుకొనునవి. కూరగాయలు తూచి యిచ్చిన పిమ్మట అమ్మువాడు రెండు కరివేపాకు రెబ్బలు సంచిలో పడవేసినచో నది కొసరు. ఆడపిల్ల అత్తవారింటికి పోవునపుడు వెంట పంపు చలిమిడియు, పసుపుకుంకుమలును, బిందెలును సారె. కాచిన పాలలో వేయు మజ్జిగచుక్క తోడు.

ఈ మాటల కొక మర్యాద గలదు. కొసరును బతిమాలి తీసికొనవచ్చును గాని హక్కుగా కోరరాదు. ఆదరువు లేక అన్నము గొంతు దిగదు. అయినను భోజనమునకు పిలుచునపుడు 'అన్నమునకు రండు' అందుమే కాని, 'పప్పునకు రండు' అని యెవరును పిలువరు. వ్యాకరణము సైత మీ మర్యాదనే పాటించినది. సహార్థకమైన పదముతో కూడినపుడు అప్రధానమైన దానికి తృతీయావిభక్తి వచ్చునని పాణిని విధించెను. తండ్రి కొడుకుతోడ వచ్చెననినచో తండ్రి ప్రధానుడు, కొడుకు అప్రధానుడు. ఇరువురును నడచిన దూర మొక్కటియే. క్రియ మాత్రము తండ్రితో నన్వయించును.

వస్తువుల విషయమున నిట్టి తారతమ్యము వలన నెవరికిని నష్టము లేదు. తన్ను రెండవదానినిగా నెంచిరని పప్పు దుఃఖింపదు. మనుష్యులను, అందును స్త్రీలను, ఈ వరుసలో నిలిపినపుడే చిక్కు. భర్త చితిపై భార్యను దహించుటకు మనవారు పెట్టిన పేరు సహగమనము, అనగా కూడ పోవుట. ఎంత మెత్తని మాట! అగ్నియు, పొగయు, ఆర్తనాదమును ఆ మాటలో వినరావు. 1829లో బంగాళమునందును, 1830లో చెన్నపురి రాజధానియందును శాసనములు ఆ యాచారమును నిషేధించినవి. మాట మాత్రము నిఘంటువులలో నట్లే మెత్తగా నున్నది. స్వతంత్ర భారతమున 1951-52లో జరిగిన మొదటి సాధారణ యెన్నికలకు వోటర్ల జాబితాలు వ్రాయునపుడు, ఫలానావాని భార్యను, ఫలానావాని కూతురను అని తప్ప తమ పేరు చెప్పని స్త్రీలు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, లక్షలకొలది యుండిరి. అట్టివారు సుమారు 28 లక్షలమంది జాబితాలనుండి తొలగింపబడిరి.

ఈ వరుసలోనిదే అరణమను మాటయు. పెండ్లియైన కూతునకు పుట్టింటివా రిచ్చి పంపు ధనమునకు అది పేరు. భారతమున సుభద్రార్జునుల వివాహమైన పిమ్మట శ్రీకృష్ణుడు కొనివచ్చిన యరణములలో ఏనుగులు, గుఱ్ఱములు, ఆవులు, వానితోపాటు పరిచారికలును గలరు. పశువులకును మనుష్యులకును ఒకటే పట్టిక. ఆ పట్టిక ద్వాపరయుగముతో ముగియలేదు. తెలుగుదేశపు జమీందారీ కుటుంబములలోను, కలిగినవారి యిండ్లలోను పెండ్లికూతు వెంట పనిపిల్లను పంపుట మొన్నమొన్నటివరకు నుండెను. దాస్యమునకు న్యాయస్థానములలో గుర్తింపు లేకుండ 1843లోనే చట్టము వచ్చెను. మనుష్యులను దాసులుగా కొనుటయు నమ్ముటయు నేరములని 1860 నాటి శిక్షాస్మృతి ప్రకటించెను. కాని పెండ్లి పందిటిలో 'దాసి' యను మాట యెవరును పలుకలేదు. 'తోడుగా పంపుచున్నాము' అనిరి. పేరు మార్చినచో నేరము కంటికి కానరాదు.

మా చిన్ననాట మా తాతగారి యింట అరణమ్మ యను ముదుసలి యుండెడిది. మా నాయనమ్మ కాపురమునకు వచ్చిన దినముననే ఆమెయు వచ్చినదట. అప్పటి కామెకు తొమ్మిదో పదియో యేండ్లు. ఆవుల కుడితి, వడ్ల దంపు, మా తలంట్లు, ఆమె చేయి పడని పని ఆ యింట లేదు. రామమ్మ, సుబ్బమ్మ వలె అరణమ్మయు నొక పేరే యని మేమనుకొంటిమి. 1958 ప్రాంతమున నొకనాడు వోటర్ల జాబితా వ్రాసికొన వచ్చిన యుద్యోగి ఆమె పేరడిగెను. 'అరణమ్మ యని వ్రాసికొనుడు' అని తాతగారు సెలవిచ్చిరి. తలుపుచాటున నున్న యామె, 'అది నా పేరు కాదు బాబూ' అని తన పేరు చెప్పినది. తాతగా రాశ్చర్యపడిరి, నలువదియేండ్లకు పైగా ఆమెతో నొక్క వంటయింట మెలగిన నాయనమ్మయు నాశ్చర్యపడినది. ఉద్యోగి వ్రాసికొని పోయెను. మఱునాటి యుదయమున మేము మరల 'అరణమ్మా, నీళ్లు కాగినవా?' అని కేకవేసితిమి. ఆమె పలికినది.

పదియేండ్ల పిమ్మట, కళాశాలలో చదువుకొనుచు, వేఱొక మాటకై నిఘంటువు తిరగవేయునపుడు అరణమను మాటకు అర్థము కంటబడినది. పుస్తకము మూసివేసితిమి. అప్పటి కామె చనిపోయి రెండేండ్లు. ఆనాడు తలుపుచాటున ఆమె చెప్పిన పే రెంత తలచుకొన్నను మాకు జ్ఞప్తికి రాలేదు. నేటికిని రాదు.

గడచిన మాఘమాసమున మా అక్కగారి మనుమరాలి పెండ్లి జరిగెను. మా దస్తూరి బాగుండునని సారె పట్టిక వ్రాయుపని మా కప్పగించిరి. చలిమిడి, లడ్లు, వెండి కుందులు, చీరలు, బట్టలుతుకు యంత్రము వఱకు వరుసగా వ్రాసితిమి. తుదకు అక్కయ్య, 'హైదరాబాదులో వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోతారు. మన పాలేరు కూతురు పదమూడేళ్లది ఉన్నది కదా, దాన్ని కూడా తోడు పంపుదాము. వ్రాయి తమ్ముడూ' అనినది.

మా కలము నిలిచినది. 'ఆ పిల్ల పేరేమి అక్కయ్యా?' అని యడిగితిమి.

అక్కయ్య కొంత తడవాలోచించి, 'ఏదో ఉన్నది. మేము చిన్నదానా అని పిలుస్తాము' అనినది.

పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 నుండి నిషిద్ధమని చెప్పితిమి. చట్టపు మాట కామె అంతగా చలింపలేదు. 'అరణమ్మ అసలు పేరు నీకేమైన జ్ఞాపకమున్నదా?' అని యడిగితిమి. అరణమ్మ చేతి గోరుముద్దలు మాకంటె నామెయే యెక్కువ తిన్నది. తల యడ్డముగ నూపి, చాలసేపు మాటాడక కూర్చున్నది. ఆ పంక్తి పట్టికకు ఎక్కలేదు.

చదువరులారా, వ్యాకరణమున సహార్థ మొక్కటియే లేదు, ద్వంద్వసమాసమును గలదు. అందు రెండు పదములును ప్రధానములే. తల్లిదండ్రులు, ఆలుమగలు అని యాడువారిని ముందు నిలిపి పలుకుట మన భాషకు చేతనైన పనియే. తోడను మాటయు తక్కువది కాదు. పాలలో వేయునది చుక్కయే. ఆ చుక్క లేక పాలు పెరుగు కావు, పెరుగైన పిమ్మట ఏది పాలో ఏది తోడో వేఱుచేయ నెవరి తరమును గాదు. ప్రమాణము చేయునపుడు 'అమ్మతోడు' అందుము. అంతటి మాటను పేరైన నెఱుగని పసిపిల్లకు తగిలించి పనికి పంపుట ఆ మాటకును ద్రోహమే. మనిషికి తోడు మనిషి కావలెనన్న, ఆ వచ్చువారు తమ పేరుతో, తమ యిష్టముతో రావలెను.

ఆ పిల్ల పేరు కనుగొంటిమి. ఊరి బడి హాజరుపట్టీలో నున్నది. జూన్ నెలలో బడి తెఱచునపుడు తొమ్మిదవ తరగతికి పోవలెను. పోయినదో లేదో చూచి రావలసిన పని మాకున్నది.