రెండు చెవులు, రెండు గాంధారాలు

పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో హోరు. జలుబు చేసిందేమో అనుకున్నాను. సాయంత్రం పాఠానికి శ్రుతి పెట్టె పెట్టుకుని తీగలు సరిచేయబోతే చేయి ఆడలేదు. కుడి చెవికి ఒక షడ్జమం, ఎడమ చెవికి కాస్త హెచ్చులో ఇంకో షడ్జమం. పెట్టె మాత్రం ఒక్కటే.

నర్సీపట్నంలో మా ఇంట్లోనే వయొలిన్ చెబుతాను. గొలుగొండ, మాకవరపాలెం నుంచి కూడా పిల్లలు వస్తారు. సర్టిఫికెట్ పరీక్షకు ఎవరిని పంపాలో, ఎవరిని ఇంకో ఏడాది ఆగమనాలో తేల్చాల్సింది నేనే. అప్పుడు ఆ రోజులే నడుస్తున్నాయి.

మొదట చూసినాయన గులిమి అని చుక్కల మందు రాసిచ్చాడు. ఇలాంటి జబ్బుకు మొదటి రోజులే కీలకమట. అవి ఆ చుక్కలతోనే గడిచిపోయాయి. విశాఖలో ఆడియోగ్రామ్ తీస్తే ఎడమ చెవి గీత నిట్టనిలువునా కిందికి దిగిపోయి ఉంది. లోపలి చెవి దెబ్బతింది, ఇలా ఉన్నట్టుండి వచ్చినప్పుడు చాలామందిలో కారణం దొరకదు అన్నారు డాక్టరుగారు. స్టెరాయిడ్ మాత్రలిచ్చారు, ఆ పైన కర్ణభేరి గుండా సూదితో మందు ఎక్కించారు. ఎక్కించాక మాట్లాడకూడదు, గుటక వేయకూడదు; వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది. పక్కకి తిరిగి పడుకుంటే గది గిర్రున తిరిగేది.

పిల్లలకు చెప్పలేదు. చెవిలో దూది పెట్టుకుని, కుడి చెవి వాళ్ల వైపుంచి కూర్చునేదాన్ని. కళ్లతో తెలిసేది చాలానే ఉంది. కమాను బ్రిడ్జికి సమంగా నడుస్తోందా, మణికట్టు బిగుసుకుందా, కుడి పాదం మీద ఆనించిన వయొలిన్ తల కదులుతోందా, ఇవన్నీ కనబడతాయి. పై పంచమం తీగ మీద తారషడ్జమం సరిగ్గా పడితే పక్కనున్న షడ్జమం తీగ ముట్టకుండానే అదురుతుంది. అంతదాకా బాగానే నెట్టుకొచ్చాను.

మోహన వర్ణం దగ్గర కళ్లు చాలలేదు. ఒకమ్మాయికి అంతర గాంధారం రవ్వంత తగ్గుతోందని అనుమానం. గమకంలో వేలు ఊగుతుంటే అది ఎక్కడ నిలిచిందో చూపుకు ఎలా దొరుకుతుంది? పైగా నా చెవిలోని హోరుకూ ఒక శ్రుతి ఉంది, అది మధ్యలో దూరేది. గమకం లేకుండా నిలిపి వాయించమన్నాను, మళ్లీ గమకంతో వాయించమన్నాను. పాపం, ఏం తప్పు చేసిందో తెలియక ఆ పిల్ల కళ్ల నీళ్లు పెట్టుకుంది.

1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాద్యం విని, ఆదిభట్ల నారాయణదాసుగారు ఏకంగా ఆచార్యుడిగా పెట్టుకున్నారని చెబుతారు. మార్కుల కాగితం లేదు, విన్న చెవే ప్రమాణం. నాయుడుగారికి చూపు సరిగా ఆనేది కాదు కూడా. ఈ కథ మా పిల్లలకు ఎప్పుడూ చెప్పేదాన్ని. ఆ నెలల్లో మాత్రం నోరు రాలేదు.

వినికిడి కొంత తిరిగి వచ్చింది, రెండు షడ్జమాలూ దాదాపు కలిశాయి. పైస్థాయిలో మాత్రం ఎడమ చెవిని ఇప్పటికీ నమ్మను. పరీక్షకు పంపే పిల్లల్ని అనకాపల్లిలో ఒక మాస్టారికి కూడా వినిపిస్తున్నాను. ఆ అమ్మాయి గాంధారం సరిగానే ఉందన్నారాయన, గమకం మాత్రం మోటుగా ఉందన్నారు. ఆ గమకం నేను నేర్పిందే, మా గురువుగారి దగ్గర నుంచి వచ్చింది. దాని మీద మాకు ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అది చెవి గొడవ కాదు, బాణీ గొడవ.