"కూసొని తిన్నరు" అనే ముందు... మన రామగుండం ఎఫ్‌సీఐ ముచ్చట

ఇయ్యాల పంట ముచ్చట కాదు, పంటకు ఏసే యూరియా ముచ్చట. సరిగ్గ చెప్పాలంటే, దాన్ని చేసిన మనుషుల ముచ్చట. జరంత పొడుగున్నది, తీరిగ్గ చదువుండ్రి.

మన దగ్గర ఎఫ్‌సీఐ అంటే రెండున్నయి. ఒకటి బియ్యం తీసుకునేది. ఇంకోటి రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ, ఫెర్టిలైజర్ కార్పొరేషన్. నేను చెప్పేది ఈ రెండోదాని గురించి. అది 1980 నవంబర్‌ల ఉత్పత్తి మొదలువెట్టింది. 1999 మార్చి 31న ఆగిపోయింది. పందొమ్మిదేండ్లు గూడ నిండలె. దాని గురించి మన ఊర్లల్ల మిగిలిన మాట మాత్రం ఒక్కటే: "సర్కారు కొలువు, కూసొని తిన్నరు, మూతవడ్డది."

2025 వానకాలంల యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాలు లైన్ల పెట్టినం గదా. అప్పుడు లైన్ల ఉన్న ఒక తమ్ముడు మళ్ల ఇదే మాట అన్నడు. అక్కడ్నే మా ఊరి కాక ఒకాయన నిలవడి ఉన్నడు. ఆ ఫ్యాక్టరీల బొగ్గు దిక్కు పనిచేసిన మనిషి. ఏం మాట్లాడలె, తల పక్కకు తిప్పుకున్నడు. కొన్ని రోజులైనంక నేనే పోయి అడిగిన, "కాకా, అసలు అక్కడ ఏమైంది?" అని. ఆయన, ఆయన దోస్తులు ఇంకో ఇద్దరు చెప్పినయి, నేను చదివి తెలుసుకున్నయి కలిపి రాస్తున్న.

ముందు యూరియా ఎట్లయితదో చూద్దాం. గాలిల నత్రజని ఎంతయినా ఉన్నది. దానికి హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా అయితది, అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా అయితది. కరిగిన యూరియాను ఎత్తు టవరు మీదికెల్లి జల్లు లెక్క ఇడుస్తరు, కింద పడేసరికి గాలికి చల్లబడి గింజ కడతది. మనం చేతులతోని చల్లే తెల్ల గింజ గదే. 46 శాతం నత్రజని.

కష్టమంతా ఆ హైడ్రోజన్ తీసే దగ్గర ఉంటది. మస్తు ఫ్యాక్టరీలు గ్యాస్‌తోనో నాఫ్తాతోనో తీసేటియి. రామగుండంల సింగరేణి బొగ్గుతోని తీసిన్రు. బొగ్గును పిండి లెక్క నూరి, ఆక్సిజన్, ఆవిరి ఇచ్చి మండించి గ్యాస్ చేసేది. పక్కనే బొగ్గు, పక్కనే గోదారి నీళ్లు, పక్కనే కరెంటు ఉన్నయి. కాగితం మీద చూస్తే ఇంతకంటె మంచి జాగ లేదు.

కాక ఆ బొగ్గు నూరే దగ్గర ఉండె. "డ్యూటీ దిగినంక ముఖం కడిగితేనే ఎవలం ఎవలమో తెలిసేది" అన్నడు. ఆయన జోడీ బీహార్ మనిషి, సింద్రి ఫ్యాక్టరీ నుంచి బదిలీ మీద వచ్చిండట. సింద్రి గూడ ఇదే కార్పొరేషన్‌ది. మొదట్ల ఈయనకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. రాత్రి షిఫ్టుల ఈయన మక్క గటుక, పచ్చిపులుసు తెస్తే ఆయన సత్తుపిండి తెచ్చేటోడు. ఏడాది తిరిగేసరికి ఆయన "కాకా, జర పులుసు పొయ్యి" అనుడు నేర్చిండు.

ఇంకో పెద్దమనిషి అమ్మోనియా దిక్కు పనిచేసిండు. వాసన గట్టిగ వచ్చిందంటే తడి తువ్వాల ముక్కుకు కట్టుకొని, గాలి ఎటు కొడుతుందో చూసి దానికి అడ్డంగ ఉరకాలె. "గాలి పోయే దిక్కు ఉరికితే అది నీ ఎంటనే వస్తది" అన్నడు. కొత్త పిలగాండ్లకు ఈ సంగతి పాతోళ్లు దగ్గరుండి నేర్పేటోళ్లు. ఒకసారి కొత్త పిలగాడు భయానికి నిలవడ్డ కాడ్నే నిలవడిపోతే, ఈయన రెక్క పట్టి గుంజుకొచ్చిండట. ఆ పిలగాడు ఇప్పుడు మనుమలను ఎత్తుకున్నడు, పండుగపూట ఫోన్ తప్పదట.

మూడో ఆయన బస్తాలు కుట్టే కాడ ఉండె. అప్పుడు 50 కిలోల బస్తా, ఇప్పుడు మనకొచ్చేది 45 కిలోలది. "లారీల మీద మన దిక్కు ఊర్ల పేర్లు చూస్తే సంబురమనిపించేది" అన్నడు.

మరి ఎందుకు మూతవడ్డది? ఆ ఫ్యాక్టరీకి ఏడాదికి దగ్గర దగ్గర 5 లక్షల టన్నుల యూరియా చేసే లెక్క కట్టిన్రు. ఆ లెక్క ఎన్నడూ అందలె. బొగ్గుల బూడిద ఎక్కువ, మిషన్లు అరుగుడు ఎక్కువ. దానికి తోడు కరెంటు. మన బోరు మోటరైతే కరెంటు వస్తే మళ్ల ఒత్తుతం. అక్కడ ఒక్కసారి కరెంటు పోతే ప్లాంటు మొత్తం పండుకుంటది, దాన్ని మళ్ల లేపాలంటే రోజులు పడతది. "ఇంటికి పోకుంట లేపినం, లేవంగనే మళ్ల పడ్డది" అని కాక అన్నప్పుడు గొంతు మారింది.

ఒడిశాల తాల్చేర్ అని ఉన్నది. అదే కార్పొరేషన్, అదే బొగ్గు పద్ధతి. అది గూడ 1980ల మొదలువెట్టింది, 1999లనే ఆగిపోయింది. అక్కడోళ్లు వేరే భాష, వేరే యూనియన్లు, వేరే మనుషులు. ఇద్దరూ కూసొనే తిన్నరంటమా? విత్తనమే తప్పు పడితే ఎంత కలుపు తీసినా, ఎంత నీళ్లు పెట్టినా పంట రాదు. ఆ బాధ మనకంటె ఎక్కువ ఎవలకు తెలుసు? అప్పుడు మనల్ని "సరిగ్గ చెయ్యలేదు" అంటే మన పానం ఎట్లయితది? వాళ్ల పానం గూడ గట్లనే అయితది.

ఉత్పత్తి ఆగినంక గూడ కొన్నేండ్లు డ్యూటీకి పోయిన్రు. నడవని మిషన్లను తుడిచి నూనె పెట్టిన్రు. 2002ల సర్కారు పూర్తిగ మూసెయ్యాలని నిర్ణయం చేసింది, అందరినీ స్వచ్ఛంద విరమణ కింద పంపిచ్చిన్రు. ఒకలు దుబాయి బాట పట్టిన్రు, ఒకలు కిరాణం పెట్టుకున్నరు, ఒకలు సొంత రాష్ట్రం పోయిన్రు, మా కాక అసొంటోళ్లు మళ్ల నాగలి పట్టిన్రు. ఇప్పుడు వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపున్నది. పొద్దున గుడ్ మార్నింగులు, నెలకొకటి రెండు చావు కబుర్లు. బీహార్ ఆయన పోయిన కబురు కాకకు అండ్లనే తెలిసింది.

అదే జాగల కొత్త ఫ్యాక్టరీ, ఆర్‌ఎఫ్‌సీఎల్, లేచింది. పైపులైన్ల వచ్చే గ్యాస్‌తోని నడుస్తది. 2021 మార్చిల ఉత్పత్తి మొదలైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. మంచిదే, మనకు కావాల్సిందే. ఇనుము పోతే పైసలు పెట్టి మళ్ల తెచ్చుకున్నం. కానీ గాలి దిక్కు చూసి ఉరకనేర్పిన మనుషుల జట్టును పైసలు పెట్టి తేలేం.

మన పెద్దపల్లి, మంచిర్యాల, కరీంనగర్ ఊర్లల్ల ఎఫ్‌సీఐల చేసినోళ్లు ఇంకా ఉన్నరు. చానమంది డెబ్బై దాటిన్రు. తీరిక దొరికినప్పుడు ఒక పొద్దుమూకి పోయి కూసొండ్రి, అడుగుండ్రి. "ఎందుకు మూతవడ్డది" అని మాత్రం ముందుగాల అడగకుండ్రి. "నీ పక్కన ఎవలు పనిచేసేటోళ్లు" అని అడుగుండ్రి. మిగతాది వాళ్లే చెప్తరు. విన్నయి కింద రాయుండ్రి, నేను గూడ చదువుత.