కేటీ అయిపోయింది, మెయిలు పెట్టండి

సర్వీసు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి కేటీ అంటే ఏవిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాడు తన బుర్రలో ఉన్నదంతా వచ్చేవాడి బుర్రలోకి పది మీటింగుల్లో ఒంపేయడం. నాలెడ్జి ట్రాన్స్‌ఫర్ అట! పేరు పెట్టినవాడికి ఓ దండం. ఒక పీపీటీ, కొన్ని రికార్డింగులు, ఆఖర్న "నాకు అంతా అర్థమైంది" అని కొత్తవాడు పంపే మెయిలు. అంతే, బదిలీ అయిపోయినట్టే.

ఇప్పుడు మా టీములో నడుస్తున్నది ఇదే. పన్నెండేళ్ళుగా ఒకే అప్లికేషన్ని కనిపెట్టుకుని ఉన్న మా లీడు గారు వెళ్ళిపోతున్నారు. ఆయన చోట్లోకి నేను, నాకు తోడు పోయినేడాది కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడొకడు.

ఆ అప్లికేషన్లో రాత్రి రెండింటికి నడిచే బ్యాచ్ జాబ్ ఒకటుంది. క్లయింటు పంపిన ఫైలు చదివి డేటాబేసులో వేస్తుంది. అందులో, ఫైలు కనపడగానే 40 సెకన్లు ఊరికే ఆగమని ఒక లైను. ఎవరు రివ్యూ చేసినా మొదట తీసేయమనేది దాన్నే. ఎందుకుందని అడిగితే అప్పుడు చెప్పారు. అవతలివాళ్ళు ఫైలుని ముందు వేరే పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చరు. నేరుగా అసలు పేరుతోనే ఎక్కిస్తారు. అంచేత ఫైలు కనపడిందంటే మొత్తం వచ్చేసినట్టు కాదు. చివర్లో లెక్క సరిచూసుకునే రికార్డు కూడా లేదు కాబట్టి, సగం ఫైలు చదివేస్తే ఎర్రరూ రాదు, సగం లావాదేవీలు మాయమౌతాయంతే. పద్ధతి మార్చమని ఈయన రెండుసార్లు అడిగారు, వాళ్ళు కుదరదన్నారు. ఆ 40 అనేది కూడా నెలాఖరు ఫైళ్ళు పెద్దగా ఉంటాయని కొన్నాళ్ళు గమనించి పెట్టిన అంకె.

ఇందులో ఒక్క ముక్క పీపీటీలో లేదు. రాయలేదని ఆయన్ని అనడానికీ లేదు. ఇలాంటివి తనకెన్ని తెలుసో ఆయనకే తెలీదు. ఏదో ఒకటి విరిగితేనే గుర్తొస్తాయి. రాత్రి ఫోనొస్తే ఆయన ఎర్రర్ మెసేజీ చదవకముందే ఫైలు ఎన్నింటికి వచ్చిందో చూస్తారు. "ఎందుకు సార్?" అంటే కాస్త ఆలోచించి "అలవాటయ్యా" అంటారు. ఆ అలవాటుని ఏ స్లైడులో పెడతాం?

2005లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న డెన్మార్క్ ఆయన పీటర్ నౌర్, 1985లోనే దీని మీద ఒక వ్యాసం రాశాడు. ఒక బృందం కంపైలరు రాసి మరో బృందానికి అప్పగించింది. కోడు ఇచ్చారు, డాక్యుమెంట్లు ఇచ్చారు, అడిగితే సలహా కూడా ఇచ్చారు. అయినా రెండోవాళ్ళు చేద్దామన్న మార్పులు చాలామటుకు పాత నిర్మాణాన్ని పాడుచేసే అతుకులే. అదే నిర్మాణంలో తేలిగ్గా ఇమిడే దారి మొదటివాళ్ళకి చూడగానే కనపడేది. నౌర్ అనేదేమంటే, అసలు ప్రోగ్రాము రాసినవాళ్ళ తలల్లో ఉన్న అవగాహనే, కాగితం మీదది దాని జాడ మాత్రమే అని. నలభై ఏళ్ళు దాటింది, మనం ఇంకా పీపీటీలే చేస్తున్నాం.

మరి ఆ అవగాహన ఇంకొకడికి ఎలా వస్తుంది? జీన్ లేవ్ అనే మానవ శాస్త్రవేత్త లైబీరియా దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్ళని గమనించింది. ఎటియెన్ వెంగర్‌తో కలిసి 1991లో వేసిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. అక్కడ బట్ట ముందు కత్తిరిస్తారు, తర్వాత కుడతారు, చివర్న బొత్తాలు, అంచులు. నేర్పడం మాత్రం వెనక నుంచి. బొత్తాల దగ్గర మొదలుపెట్టి, కుట్టు, ఆఖరికి కత్తెర. బొత్తం తప్పయితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, గుడ్డ తప్పు కత్తిరిస్తే పోయినట్టే. మన దర్జీ కొట్లలో కూడా కొత్త కుర్రాడు కాజాలు కుడుతూనే కదా కనపడేది.

మన కాజాలు చిన్న టికెట్లు. లాగ్ చదవడం, ఒక కాలం పొడవు పెంచడం, రిపోర్టులో తేదీ సరిచేయడం. ఇప్పుడు వాటిని ఏఐ టూలుకి ఇచ్చేస్తున్నారు. నేనూ ఇస్తున్నాను, బాగానే చేస్తోంది, దాన్ని తిట్టుకుని లాభం లేదు. కానీ మా కుర్రాడికి మిగిలిందేవిటి? నేరుగా కత్తెర.

అందుకే మేనేజర్ని అడిగాను. మీటింగులు సగానికి తగ్గించండి, నైట్ సపోర్టు మేమిద్దరం చేస్తాం, లీడు గారు పక్కన కూర్చుంటారు అని. "షాడో బిల్లబుల్ కాదు బాబూ" అన్నాడు. ఒకే పనికి ముగ్గురు గంటలు వేస్తే క్లయింటు ఒప్పుకోడు, అదీ నిజమే. కాకపోతే ఆ మీటింగుల్లో కూడా ముగ్గురం కూర్చుంటున్నాం, ఆ లెక్క ఎవరూ అడగరు!

ఎట్టకేలకు ట్రైనింగు కోడు కింద నాలుగు రాత్రులు ఇచ్చాడు. మొదటి రాత్రి ఏమీ జరగలేదు, టీలు తాగాం. రెండో రాత్రి టైముకి ఫైలు రాలేదు. లీడు గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు, కీబోర్డు ముట్టలేదు. కుర్రాడు ఇరవై నిమిషాలు లాగుల్లో తవ్వి, ఇంకేం దొరక్క నిన్నటి ఫైళ్ళూ మొన్నటి ఫైళ్ళూ ఎన్నింటికి వచ్చాయో చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి "సార్, అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పింది నిన్ననేనా?" అన్నాడు. ఆయన లేచి, "ఇంకో గంట ఉంది, పదండి టీ తాగొద్దాం" అన్నారు. ఏటా నవంబరులో ఇంతేనట.

ఇంకా రెండు రాత్రులున్నాయి. మెయిలు మాత్రం శుక్రవారంకల్లా పెట్టేయమంటున్నారు.