గ్లాసులో ఖుష్బూ, కుండలో నీరా

పోయిన నెల హైదరాబాదులో బీరు సొంతంగా తయారుచేసి అమ్మే ఓ చోటికి వార్త కోసం వెళ్లాను. తయారుచేసే కుర్రాడు నోరు తెరవగానే ఆ "అండీ" చెప్పేసింది, మా గోదావరి వాడేనని. రాగి రంగు బీరు చిన్న గ్లాసులో పోసి ముందు పెట్టాడు.

"రై పేల్ ఏల్ అండీ. బార్లీతో పాటు రై అనే గింజ కలుపుతాం. నాలిక మీద మిరియం తగిలినట్టుంటది. చేదేమో హాప్స్ పువ్వుది."

"మాకు హరామ్ బాబూ. వాసన చూసి రాసుకుంటాను" అన్నాను. నవ్వాడు.

పైన నారింజ తొక్క ఖుష్బూ. దాని కింద పులిసిన పిండి వాసన. ఆ రెండోది నాకు పాతదే. చిన్నప్పుడు ఉర్దూ స్కూలుకి వెళ్లే దారిలో, కాలవ గట్టు మీద కల్లు పాక ఉండేది. ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం.

ఆ వాసన వెంట ఇంకో యాద్ వచ్చింది. ఉర్దూ మీడియం నుంచి వచ్చి రాజమండ్రిలో తెలుగు డిగ్రీలో చేరిన నాకు గణాలూ యతులూ నేర్పింది ఒక దోస్త్. వాళ్ల నాన్న తాడిచెట్లు గీసేవారు. 1997లో సంక్రాంతి రంజాన్ నెలలో వచ్చింది. పండక్కి ఇంటికి రమ్మన్నాడు.

"రోజా ఉన్నాను రా."

"అయితే ఇఫ్తార్ మా ఇంట్లోనే."

ఏదో బహానా చెప్పి వెళ్లలేదు. ఆ ఇంటి అరుగు మీద కల్లు కుండలుంటాయి కాబట్టి ఆ ఇంటి నీళ్లు కూడా నాపాక్ అని నా దిల్‌లో ఉంది. దాన్నే దీన్ అనుకున్నాను.

మూడో రోజు మగ్రిబ్‌కి ముందు వాళ్ల నాన్నే మా గుమ్మంలోకి వచ్చారు. భుజాన మోకు, చేతిలో చిన్న కుండ.

"సాయిబు గారూ, లోపల సున్నం పూసి కట్టాను. ఇప్పుడే దించాను, పులవలేదు. ఒక్కపొద్దున్నారు కదా, చలవ చేస్తది."

అబ్బా వద్దంటారనుకున్నాను. కుండ మూతి దగ్గర వాసన చూసి, ఆయన్ని దస్తర్ఖాన్ దగ్గర కూర్చోబెట్టారు. అజాన్ అయింది. ఖజూర్ తిని, బిస్మిల్లా అని నీరా తాగారు. నాకూ పోశారు. చెరకు రసం కంటే పలచన, చివర్లో సున్నం జాడ. అంత తీపి ఆ చెట్టులో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆయన వెళ్లాక అబ్బా చెప్పారు. హుజూర్ నబీజ్ తాగేవారని హదీసుల్లో ఉంది. నీళ్లలో నానబెట్టిన ఖజూర్ రసం అది. మూడో రోజు దాటితే ముట్టేవారు కాదు. తాడి కూడా ఖజూర్ ఖాందానే. సున్నం లేకపోతే గాలిలోని ఈస్టు చేరి కొన్ని గంటల్లోనే నీరా కల్లయిపోతుంది. బార్లీనీ రైనీ బీరు చేసేదీ ఆ ఈస్టే. నీరాని పులవకుండా కాపాడడం ఎలాగని మన రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో పనిచేస్తున్నారు. వాళ్ల నాన్నకి ఆ ఇల్మ్ అంతా ఓ సున్నపు పూతలో ఉంది.

చివరికి అబ్బా నా వైపు చూడకుండా అన్నారు: "నిషా హరామ్ బేటా. పడోసీ కాదు."

నేను బహానా చెప్పిన సంగతి ఆయనకి ఎలా తెలిసిందో అడగలేదు. మర్నాడు కాలేజీలో దోస్త్‌కి నిజం చెప్పి మాఫీ అడగాలనుకున్నాను. షర్మ్‌తో నోరు రాలేదు. ఇన్నేళ్లకి ఇలా రాస్తున్నాను.

గ్లాసు వెనక్కి జరిపాను. మీవాళ్లేం చేస్తారని కుర్రాణ్ని అడిగాను.

"మా తాత గీత పనేనండీ. నేను బీరు చేస్తున్నానంటే ఇందులో కొత్తేముంది అన్నాడు."

మధ్యాహ్నమైంది. కుర్రాడు క్యారేజీ విప్పి, కాస్త మొహమాటంగా, "గోంగూర పచ్చడి ఉందండీ, అమ్మ పంపింది. మీరు తింటారా?" అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.