4000 హెర్ట్జ్ దగ్గర గుంట

ఆ రాత్రి రెండున్నరకి ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేశాను.

ఆ వారం నాది ఆన్-కాల్. అంటే మా సర్వీసు ఏ అర్ధరాత్రి పడిపోయినా ఫోన్ మోగేది నాకే. ఒంటిగంటకి మోగింది. హాల్లోకొచ్చి లాప్‌టాప్ తెరిచి, అలవాటుగా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, గంటన్నర లాగ్స్ తవ్వితే తేలిందేమిటంటే, సాయంత్రం ఎవరో ఒక టైమవుట్ విలువ మార్చారు. ఆ ఎవరో నేనే. దాన్ని వెనక్కి మార్చి, గ్రాఫులు మళ్ళీ దారిలో పడేదాకా చూసి, హెడ్‌ఫోన్స్ తీసేశాను. అప్పుడు వినిపించింది. సన్నగా, సూటిగా, ఎక్కడా తెగకుండా ఒక కూత.

ఫ్రిజ్ అనుకుని ప్లగ్ తీశాను. ఆగలేదు. వైఫై రౌటర్ ఆపాను. ఇన్వర్టర్ ఆపాను. మా పనిలో తప్పు పట్టుకునే పద్ధతి ఇదే. అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటే ఆపుకుంటూ పోవాలి, ఏది ఆపినప్పుడు తప్పు మాయమవుతుందో అదే దోషి. చివరికి మెయిన్ దాకా వచ్చాను. ఫ్యాన్ ఆగేసరికి మా ఆవిడ లేచింది.

"కరెంటు పోయిందా?"

"నేనే తీశా. నీకేమన్నా వినిపిస్తోందా?"

చీకట్లో కాసేపు చెవి ఒగ్గి, "కుక్కలు" అంది.

నాకు కుక్కలతో పాటు కూత కూడా వినిపిస్తోంది. ఆపడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

నాలుగు రోజులు చూసి, తగ్గకపోయేసరికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెవుల్లోకి లైటు వేసి చూసి, పరీక్షకి పంపింది. ఒక చిన్న గది, తలుపు మూస్తే బయటి చప్పుడేమీ రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఒక్కో స్థాయిలో మనకి వినిపించే అతి చిన్న శబ్దం ఎంతో కొలుస్తారు. ఇరవై నిమిషాల్లో ఒక కాగితం చేతికొచ్చింది. రెండు చెవులకీ రెండు గీతలు. రెండూ పైన చక్కగా నడిచి, 4000 దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర కొంచెం తేరుకున్నాయి. గ్రాఫులు చూడటం నా ఉద్యోగం. అలాంటి గుంట మా సర్వీసు గ్రాఫులో కనపడితే వెంటనే పదిమందిని నిద్రలేపుతాం.

"పెద్ద శబ్దానికి దెబ్బతిన్న చెవి సాధారణంగా ఇక్కడే పడుతుంది. ఎక్కడ పనిచేస్తారు? ఫ్యాక్టరీయా?" అని అడిగింది డాక్టర్.

"మాదాపూర్లో, సాఫ్ట్‌వేర్" అన్నాను. ఆవిడ నా మెడకి వేలాడుతున్న హెడ్‌ఫోన్స్ వైపు చూసింది. మళ్ళీ ఏమీ అడగలేదు.

లోచెవిలో సన్నటి కేశాల్లాంటివి మొలిచిన కణాలు చెవికి సుమారు 15,000 ఉంటాయిట. శబ్దాన్ని నాడికి అందించేది అవే. మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్ళీ రావు. పోయిన చోటునుంచి కబురు రాకపోయేసరికి మెదడు తనంతట తనే గెయిన్ పెంచుకుంటుందనీ, కూత అలా పుడుతుందనీ ఒక వివరణ. ఏమీ తగిలించని మైకుకి వాల్యూమ్ పెంచితే బుస్సుమంటుందే, అలాగన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 దగ్గరైతే 4 గంటలే. నా శనివారాలు కలపకపోయినా ఆ నాలుగు గంటలూ సోమవారం మధ్యాహ్నానికే అయిపోతాయి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను అప్పుడప్పుడూ సంగీతం మీద రాస్తుంటాను. నాలుగు ఆల్బమ్‌ల మీద సమీక్షలు రాసి, ఫలానా చరణంలో వయొలిన్ ఎలా ఒదిగిందో జనానికి చెప్పినవాణ్ణి. పోయిన ఏడాది చివర్లో నా మ్యూజిక్ యాప్ ఒక లెక్క పంపింది, మీరు ఈ సంవత్సరం 71,000 నిమిషాలు విన్నారని. దాన్ని స్టేటస్‌గా పెట్టుకున్నాను కూడా. భాగించి చూస్తే నలభై తొమ్మిది రోజులు, రాత్రీపగలూ కలిపి. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాక కూచుని, ఆ నలభై తొమ్మిది రోజుల్లో నిజంగా విన్నదేమిటని గుర్తు చేసుకున్నాను. వేళ్ళ మీదికి కూడా రాలేదు.

మా ఆఫీసులో గోడలు లేవు. నూట ఇరవై మంది ఒకే హాల్లో. పక్కన ఒకడు క్లయింటుతో కాల్లో ఉంటాడు, వెనక ఎవరిదో పుట్టినరోజు కేక్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరూ పలకరించరు. అది మా ఊళ్ళో తలుపుకి గడియ పెట్టుకోవడం లాంటిది. నేను పాటల్ని తెచ్చి గోడ కట్టుకున్నాను. ఇళయరాజా 1986లో తెచ్చిన 'హౌ టు నేమ్ ఇట్?' త్యాగరాజుకీ, బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్. అందులో వి.ఎస్. నరసింహన్ వయొలిన్‌ని కొన్ని వందలసార్లు మోగించుకుని ఉంటాను. మోగుతున్నంతసేపూ వేరేవాళ్ళ కోడ్‌లో తప్పులు వెతుకుతూ ఉన్నాను. గోడకి ఏ ఇటుక వాడామో ఎవరు చూస్తారు?

ఆ రోజుల్లోనే స్మెతానా మళ్ళీ గుర్తొచ్చాడు. చెక్ స్వరకర్త. 1874లో వినికిడి పోయింది. రెండేళ్ళ తర్వాత 'నా జీవితం నుంచి' అని పేరుపెట్టి ఒక స్ట్రింగ్ క్వార్టెట్ రాశాడు. నాలుగో భాగం తిరునాళ్ళలా హుషారుగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద మిగతా తీగలు వణుకుతుంటే, పైన మొదటి వయొలిన్ ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది. చెవుడు రాబోయే ముందు తన చెవిలో మోగిన కూతని ఆయన అక్కడ రాసిపెట్టాడు. నేనీ సంగతి కాలేజీ రోజుల్లోనే చదివాను. విన్నాను కూడా, ఏదో పనిచేసుకుంటూ. ఈసారి చిన్న స్పీకర్‌లో, చేతులు ఖాళీగా పెట్టుకుని విన్నాను. ఆ స్వరం వచ్చినప్పుడు ఒళ్ళు గగుర్పొడవలేదు. "ఆఁ, ఇదే" అనిపించింది, అంతే. జబ్బు చేసినవాడికి అదే జబ్బున్న ఇంకొకడు కనిపించినట్టు.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. హెడ్‌ఫోన్స్ హైదరాబాద్‌లోనే వదిలేసి.

మామూలుగా అయితే ఇంటికెళ్ళినా నా గదిలో నేను, నా చెవుల్లో నేను. ఈసారి దాక్కునే చోటు లేక హాల్లో కూచున్నాను. టీవీ ఎంత గట్టిగా పెడుతున్నారో అప్పుడు తెలిసింది. వంటింట్లోంచి అమ్మ ఏమన్నా అనాలనుకుంటే గరిట పక్కన పెట్టి, హాల్లోకొచ్చి, నాన్న ఎదురుగా నిలబడి అంటోంది. రెండుసార్లు చూశాను. మూడోసారి అడిగాను.

"ఎదురుగా నిలబడితే పెదాలు కనపడతాయి కదరా ఆయనకి" అంది, ఉప్పు ఎంత వేయాలో చెప్పినంత మామూలుగా. "నాలుగేళ్ళ నుంచీ ఇంతే."

నాలుగేళ్ళు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. నాన్న స్పీకర్‌లో పెడతాడు. నేనేదో అంటాను, పక్కనుంచి అమ్మ అదే మాట ఇంకోసారి అంటుంది, అప్పుడు నాన్న జవాబు చెప్తాడు. అమ్మకి ప్రతిదానికీ వంతపాడటం అలవాటని నవ్వుకునేవాణ్ణి. ఆయన సగం మాటలకి "ఆఁ, సరే సరే" అనేవాడు. నేనూ అంతే. ఒక చెవిలో నాన్న, కళ్ళముందు స్క్రీన్. "ఆఁ నాన్నా, సరే సరే." ఆయనకి వినపడక, నాకు వినక, ఇద్దరం నాలుగేళ్ళు చక్కగా మాట్లాడుకున్నాం.

నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ముప్పై ఒక్క ఏళ్ళు. ఆయన కూచునే గది మిల్లు గోడకి ఆనుకునే ఉండేది. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, మరల హోరులో ఆయన నాతో సైగలతోనే మాట్లాడేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి, రేడియో పెట్టుకునేవాడు. పొద్దున్న విజయవాడ కేంద్రం భక్తిరంజని, శనివారం రాత్రుళ్ళు ఢిల్లీనుంచి వచ్చే సంగీత కచేరీ. ఆయనకి వయొలిన్ అంటే ప్రాణం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెప్పేటప్పుడు కూచున్నవాడు కొంచెం సర్దుకుని కూచునేవాడు. నాకు వయొలిన్ మీద ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకెక్కడో వెతకక్కర్లేదు.

పండగ రోజు రాత్రి ఫోన్‌లో ఏదో కచేరీ పెట్టి ఆయన పక్కన కూచున్నాను. మృదంగానికి తాళం వేస్తున్నాడు. కాసేపటికి అన్నాడు.

"ఈ మధ్య వయొలిన్ వాళ్ళు మరీ మెల్లగా వాయిస్తున్నార్రా. వెనకటివాళ్ళలా కాదు."

నేనేమీ అనలేకపోయాను. ఆ వయొలిన్ హాలంతా మోగుతోంది.

మర్నాడు పొద్దున్న మెల్లగా కదిపాను, గుంటూరు వెళ్ళి చెవులు చూపించుకుందామని. కస్సుమన్నాడు. "నాకేం, రాయిలా ఉన్నా. మీరే గొణుగుతారు." అమ్మ నాకేసి చూసింది, చెప్పానా అన్నట్టు. వాదిస్తే లాభం లేదని, బ్యాగులోంచి నా కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఎవరికీ చూపించకూడదనుకున్న కాగితం. మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. జమాఖర్చుల పుస్తకం చూసినట్టే చూశాడు, వేలు గీత మీద జరుపుకుంటూ. గుంట దగ్గర వేలాగింది.

"ఇదేంట్రా ఇక్కడ పడింది?"

ఎదురుగా కూచుని, పెదాలు కనపడేలా చెప్పాను. హెడ్‌ఫోన్స్ సంగతీ, మెయిన్ కట్టేసిన రాత్రి సంగతీ, ఇప్పుడు మాట్లాడుతున్నా మోగుతూనే ఉన్న కూత సంగతీ.

"ముప్పై నాలుగేళ్ళకా?" అన్నాడు. చాలాసేపు ఆ కాగితం వదల్లేదు. తర్వాత లోపలికెళ్ళి చొక్కా వేసుకొచ్చాడు. "పద. నీది కూడా ఇంకోసారి చూపిద్దాం" అన్నాడు. నాకోసం బయల్దేరినట్టు.

గుంటూరులో పరీక్షయ్యాక ఇద్దరం హోటల్లో కూచుని ఇడ్లీ చెప్పాం. ఆయన తన కాగితం, నా కాగితం టేబుల్ మీద పక్కపక్కన పరిచాడు. ఆయనదానిలో గుంట లేదు. గీత 1000 దాటాక కిందికి దిగడం మొదలెట్టి, ఇక లేవలేదు. వయసుతో ముందు పోయేవి పైస్థాయి శబ్దాలే. అందుకే మృదంగం మిగిలింది, వయొలిన్ మసకబారింది. మాటల్లో కూడా స, ష, త లాంటివి జారిపోతాయి, అందుకే మేమందరం గొణుగుతున్నట్టు ఉంటుంది. ఆయన రెండు గీతల్నీ మార్చి మార్చి చూసి ఒకే మాట అన్నాడు.

"మిల్లు."

వయసూ ఉంది, మిల్లూ ఉంది. ఏది ఎంతో ఎవరు విడదీసి చెప్పగలరు? కానీ ఆయన అన్నది విన్నాక నాకొకటి తట్టింది. ఆయన చుట్టూ ఉన్న హోరుని ఆపే వీలు ఆయనకి లేదు. ఆ రోజుల్లో గుమాస్తా చెవుల గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ జీతం మీద నేను చదువుకుని, ఏసీ హాల్లో కూచుని, డబ్బులిచ్చి కొనుక్కున్న మిల్లుని రెండు చెవులకీ తగిలించుకున్నాను.

హియరింగ్ ఎయిడ్స్ వచ్చిన వారం ఆయన సుఖంగా లేడు. పేపరు తిప్పితే చప్పుడు, గ్లాసు పెడితే చప్పుడు, అమ్మ గాజులు చప్పుడు. "ఇంత గోలేంటే ఈ ఇంట్లో" అని విసుక్కున్నాట్ట. తీసేసి డబ్బాలో పెట్టిన రోజులూ ఉన్నాయి. నేను రెండో శని, ఆదివారాలు తెనాలి వెళ్తున్నాను ఇప్పుడు. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పూర్తిగా మానేశానని చెప్పను. రోజుకో గంట, సగం వాల్యూమ్‌లో. అప్పుడు కోడ్ ముట్టుకోను. మిగతా టైమంతా పక్కవాడి క్లయింటు కాల్ వింటున్నాను. వాడికి హోమ్ లోన్ దొరకడం లేదని దానివల్లే తెలిసింది.

పోయినసారి వెళ్ళినప్పుడు సాయంత్రం నరసింహన్ వయొలిన్ పెట్టాను, నాన్నకి అలవాటైన వాల్యూమ్‌లో. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నా కూత నాకు మోగుతూనే ఉంది, వయొలిన్ పైకి వెళ్ళినప్పుడల్లా కాసేపు దాని వెనక దాక్కుంటూ. రెండు నిమిషాలయ్యాక నాన్న కళ్ళు తెరిచి, ఫోన్ అందుకుని, తనంతట తానే వాల్యూమ్ తగ్గించాడు.