పుదుచ్చేరికి వేళలు చూసుకుని

ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఏమేం చూడాలో రాసుకుంటారు. పుదుచ్చేరికి మాత్రం ఏది ఎప్పుడు చూడాలో రాసుకోవాలి. కాలవకి ఇవతల తమిళ వీధులు, అవతల సముద్రం దాకా ఫ్రెంచి వీధులు, అన్నీ గళ్లనుడికట్టులా నిలువూ అడ్డమూ ఉంటాయి. తప్పిపోదామన్నా కుదరదు. తంటా అంతా గడియారంతోనే.

బీచ్ రోడ్డు సంగతే చూడండి. సాయంత్రం ఆరింటికి బండ్లు ఆపేసి, మళ్లీ పొద్దున ఏడున్నరకి వదులుతారు. ఆ మధ్యలో రోడ్డు నడిచేవాళ్లది. పగలు పదింటికి వెళ్తే దక్కేది ఎండ, హారన్లు, నల్ల బండరాళ్లు. ఆ రాళ్ల కథ మావాడికి ముందే చెప్పాను, లేకపోతే బకెట్టూ పారా పట్టుకుని బయల్దేరేలా ఉన్నాడు. ఒకప్పుడు అక్కడా ఇసకే. ఊరికి దక్షిణాన హార్బరు కోసం సముద్రంలోకి గోడలు కట్టాక, అటునుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసక అక్కడే ఆగిపోయింది. ఇవతల ఒడ్డు కోసుకుపోతుంటే రాళ్లు పోశారు. ఈమధ్య నీళ్లలో దిబ్బలాంటిది కట్టి కొంత ఇసకని వెనక్కి రప్పించారు కానీ, పిల్లలు ఆడుకోవాలంటే చున్నాంబార్‌లో పడవెక్కి ప్యారడైజ్ బీచికి పోవడమే మేలు. అదీ పొద్దుటి పనే.

మధ్యాహ్నం ఊరు కునుకు తీస్తుంది. చాలా కొట్లు ఒంటిగంటకి షట్టర్లు దించి నాలుగింటికి తీస్తాయి. 1954లో వెళ్లిపోతూ ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన అలవాటంటారు. ఆ ఎండలో పడుకోవడం ఒకరు నేర్పాలా! అరవిందాశ్రమంలో సమాధి దగ్గరికి పన్నెండు దాటితే రెండింటిదాకా ఆగాలి. మ్యూజియానికి సోమవారం సెలవు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా చెన్నై, బెంగుళూరు జనమంతా అక్కడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మార్చి దాటితే ఎండలు. ఇవన్నీ కొట్టేస్తే జనవరి, ఫిబ్రవరుల్లో మంగళ, బుధ, గురువారాలు మిగిలాయి.

నాకు కావలసింది ఆనందరంగ పిళ్లై ఇల్లు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసి, 1736 నుంచి 1761 దాకా తమిళంలో డైరీ రాసిన మనిషి. ఓడల రాకపోకలు, వ్యాపారం, దొరల తగువులు, ఏదీ వదల్లేదు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అని తెలుగులో లక్షణగ్రంథం రాసి ఈయనకే అంకితమిచ్చాడు. ఫ్రెంచి కొలువులో దుబాసీకి మన యతిప్రాసల అంకితం! ఇంటి కింది భాగం మన పద్ధతిలో, పై అంతస్తు ఫ్రెంచి స్తంభాలతో ఉంటుంది. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. గుమ్మం దాకానే అయినా వెళ్తాను.

మావారి ఆఫీసులో యానాం ఆయన ఒకరున్నారు. “అక్కడికి సరదాగా కూడా వెళ్తారాండీ?” అన్నారట. పాపం, యానాం వాళ్లకి 800 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న రాజధాని అది, ఫైళ్లు కదలని ఊరు. కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ నేరుగా అక్కడికే పోతుందనీ, ఆటోవాడితో బేరం కుదరకపోతే స్టేషను నుంచి బీచికి నడిచిపోవచ్చనీ చెప్పింది ఆయనే.

వేళలన్నీ బిగించి కాగితం మీద పెట్టాక మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

“ఇందులో ఇరవై ఒకటో తారీఖు ఏదే అమ్మాయ్?”

ఫిబ్రవరి 21 ఆశ్రమాన్ని నడిపిన మదర్ పుట్టినరోజు, ఆశ్రమంలో దర్శనం రోజు. అరవిందులవారి గది చూడనిస్తారు. ఎక్కడెక్కడి భక్తులూ వస్తారు, గదులు దొరకవు. అది ఏ వారం పడ్డా ఆవిడకి పట్టింపు లేదు. నా మంగళ, బుధ, గురువారాల లెక్క అక్కడితో సరి. గెస్ట్‌హౌసులకి ఫోన్లు చేసే పని మావారికి అప్పగించాను. క్యూలో నిలబడాలంటే ఎన్నింటికి లేవాలని మావాడు అడిగితే, నాలుగింటికి అన్నారు మా అత్తగారు, నా కాగితం వెనకవైపు రాసుకుంటూ.