భిలాయిలో మా ఆదివారాలు

2004 నవంబరులో నాకు భిలాయికి బదిలీ అయింది. ఆ జూన్‌లోనే నాన్న పోయారు. బొబ్బిలిలో అమ్మను ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్లాను. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి దుర్గ్ స్టేషన్లో దిగేసరికి ఎదుటి మనిషి కనపడనంత పొగమంచు. అమ్మ చీర కొంగు చెవులకు చుట్టుకుని అటూ ఇటూ చూసింది. "పరాయి దేశం తీసుకొచ్చావు కదరా బాబూ" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నోటినుంచి అంత పెద్ద మాట వినలేదు.

నిజానికి అది తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ఉక్కు కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం కదిలొచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు. తెలుగు పలకరింపు కావాలంటే బాలాజీ గుడికి వెళ్తే చాలు. రైల్వేలకు పట్టాలు పోసేది ఇక్కడే కాబట్టి మేమొచ్చిన రైలు కూడా ఈ ఊరి పట్టాల మీదే నడిచి ఉంటుందని అమ్మకు చెప్పాను. ఆమె తలూపింది, అంతే.

సుపేలాలో ఒక ఇంటి కింది భాగం అద్దెకు తీసుకున్నాం. నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు అమ్మ ఏ కుర్చీలో కూర్చుని ఉండేదో, సాయంత్రం వచ్చేసరికి అదే కుర్చీలో ఉండేది. వండినది వండినట్టే ఉండేది. రాత్రిళ్లు కర్మాగారం వైపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడేది. కరిగిన చిట్టెం పారబోస్తున్న వెలుగు అది. కిటికీలోంచి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండేది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బొబ్బిలిలో ఇల్లు అమ్మేద్దామని నేను అప్పటికే ఒకాయనతో మాట్లాడి ఉన్నాను. సంక్రాంతి వెళ్లాక బయానా తీసుకుందామనుకున్నాం. అమ్మకు చెప్పలేదు. ఆమె కాస్త కుదుటపడ్డాక చెబుదామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆదివారాలు ఆమెను తిప్పడం మొదలుపెట్టింది అందుకే. ప్రేమతో కొంత, ఆ భయంతో కొంత.

మొదట మైత్రీ బాగ్‌కు వెళ్లాం. భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో కర్మాగారం వాళ్లు పెట్టిన ఉద్యానవనం అది. జంతు ప్రదర్శనశాల, చెరువు, పిల్లల రైలు అన్నీ ఉన్నాయి. డిసెంబరు ఎండలో ఊరంతా అక్కడే ఉన్నట్టనిపించింది. గడ్డిలో దుప్పట్లు పరిచి, నారింజలు ఒలుచుకుంటూ, స్వెట్టర్లు అల్లుకుంటూ కూర్చున్నారు. మన కోస్తాలో ఎండను తప్పించుకు తిరుగుతాం. అక్కడ చలికాలంలో ఎండకోసం వెళ్తారు. తెల్లపులి ముందు అమ్మ ఆగిపోయింది. అది ఎండలో కళ్లు మూసుకుని పడుకుని ఉంది. "దీన్ని ఎక్కణ్నుంచి తెచ్చారో పాపం" అంది. నేను ఏమీ అనలేదు.

జనవరిలో ఆఫీసులోని తెలుగు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకుని తాందులా డ్యాంకు బయల్దేరాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో బాలోద్ దగ్గర కట్టిన జలాశయం అది. భిలాయి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. పొలాలకే కాదు, కర్మాగారానికీ నీళ్లు అక్కణ్నుంచే. ముందురోజు రాత్రి అమ్మ తనంతట తనే చింతపండు నానబెట్టింది. భిలాయి వచ్చాక తనకై తాను తలపెట్టిన మొదటి వంట, ఆ పులిహోర. గట్టు మీద అందరూ విస్తళ్లు వేసుకుని తింటుంటే, "ఉప్పు తగ్గింది" అని తనే అంది. తగ్గలేదు. అయినా అలా అన్నందుకు నాకెంత సంతోషం కలిగిందో!

ఇంటి యజమానురాలు ఛత్తీస్‌గఢీ ఆవిడ. అరవై దాటి ఉంటాయి. అమ్మను "దాయీ" అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మ అని. సాయంత్రమైతే మట్టి కుంపటి తెచ్చి మా వాకిట్లో పెట్టేది. దాన్ని గోర్సీ అంటారు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని చేతులు కాచుకునేవాళ్లు. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు హిందీ కూడా రాదు. ఒకరోజు ఆమె మంట వైపు చూస్తూ చెప్పింది. తన పుట్టినూరు పొలాలు కర్మాగారానికి పోయాయట. అప్పటికి తనకు పదేళ్లు. ఇల్లున్న చోటు ఇప్పుడు ప్రహరీగోడ లోపల ఎక్కడో ఉందట. నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆవిడక్కూడా ఇది పరాయి ఊరేనా?" అంది.

పుష్య పౌర్ణమి నాడు పొద్దున్నే వీధిలో పిల్లల కేకలు. ఛేర్‌ఛేరా పండగ. పంట ఇంటికొచ్చాక పిల్లలు గడపగడపకూ వెళ్లి ధాన్యం అడుగుతారు. ఇవ్వడం గృహస్థుకు పుణ్యం. మన సంక్రాంతికి హరిదాసు వచ్చినట్టే. అమ్మ బియ్యం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి పిల్లాడి సంచిలో దోసెడు పోసింది. డబ్బా ఖాళీ అయ్యాక నన్ను కొట్టుకు తరిమింది.

ఫిబ్రవరిలో, చలి వెనకబడుతున్న రోజుల్లో, సిర్‌పూర్ వెళ్లాం. రాయపూర్ దాటి, మహానది ఒడ్డున. ఒకప్పుడు దక్షిణ కోసల రాజధాని. 639 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ చూసిన కోసల రాజధాని ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆయన ఇక్కణ్నుంచే ఆంధ్రదేశానికి దారిపట్టాడు. మేం ఆ దారినే ఎదురు వచ్చామన్నమాట.

అక్కడి లక్ష్మణాలయం పేరుకే లక్ష్మణుడిది. కట్టింది విష్ణువుకు. ద్వారబంధం రాతిది, దానిమీద శేషశాయి. గుడి మాత్రం అంతా ఇటుకే. పదమూడు పద్నాలుగు వందల ఏళ్ల ఇటుకలు, ఇప్పటికీ అంచులు వాడిగా ఉన్నాయి. దీన్ని కట్టించింది వాసటా దేవి. భర్త హర్షగుప్తుడు పోయాక, కొడుకు మహాశివగుప్త బాలార్జునుడి పాలనలో, భర్త జ్ఞాపకంగా కట్టించింది.

"మొగుడు పోయాక కట్టించిందా?" అని అమ్మ మళ్లీ అడిగింది. అవునన్నాను.

గుడి చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత నీడన కూర్చుని, అరచెయ్యి ఇటుక గోడకు ఆనించి, మాట్లాడటం మొదలుపెట్టింది. మా ఇల్లు కడుతున్నప్పుడు నాన్న బడినుంచి వచ్చి బట్టీకి వెళ్లి ఇటుకలు ఒక్కొక్కటే తట్టి చూసి ఏరి తెచ్చేవారట. కూలీకి డబ్బుల్లేక, గోడలు తడిపే పని అమ్మే చేసేదట. అప్పటికి నేను కడుపులో ఉన్నాను. బిందె ఎత్తొద్దని నాన్న కోప్పడితే, చెంబుతో తడిపేదట. ఏ గోడ ఏ నెలలో లేచిందో చెప్పింది. దారి పొడుగునా చెబుతూనే ఉంది. రాయపూర్ దాటాక ఏడ్చింది. నాన్న పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ రాత్రి బయటికెళ్లి బూత్ నుంచి ఫోన్ చేసి బేరం వద్దన్నాను. అమ్మకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. తెలిసే ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది.

2007లో మళ్లీ మన వైపు బదిలీ అయింది. బయల్దేరిన రోజు ఇంటావిడ స్టేషన్‌కు వచ్చి తన గోర్సీని అమ్మ చేతిలో పెట్టింది. మట్టిది కాబట్టి పగిలిపోతుందని నేను వద్దన్నాను. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చునే వచ్చింది.

బొబ్బిలిలో కుంపటి కాచుకునేంత చలి ఉండదు. అది వంటింటి గట్టు మీద ఖాళీగానే ఉండేది. కానీ బతికున్నన్నాళ్లూ పుష్య పౌర్ణమి నాడు అమ్మ బియ్యం డబ్బా గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చునేది. మా వీధి పిల్లలకు ఆ పండగ తెలీదు. తనే పిలిచి పోసేది.